కుతుబ్‌నుమా చూపని ఉత్తరం

గడచిన శీతకాలంలో మన పట్టణానికి కొంత దూరాన ఉన్న ఒక పల్లె నుండి నలుగురు పెద్దలు నన్ను వెదుకుకొంటూ వచ్చినారు. వారి గ్రామంలో చిన్న మసీదు ఒకటి ఉన్నది. దానిని విస్తరింపదలచి పునాదులకు గీతలు గీయబోగా చిక్కు వచ్చి పడినది. పాత గోడలు చూపే ఖిబ్లా దిశకూ, బజారులో కొని తెచ్చిన ఖిబ్లానుమా చూపే దిశకూ పొత్తు కుదరలేదు. తేడా స్వల్పమైనది కాదు, 11 డిగ్రీలు. పాత గోడలు కట్టిన తాతముత్తాతలు తప్పు చేసినారని కొందరు, యంత్రమే తప్పని కొందరు. ఊరు రెండు వర్గాలయినది, పునాది పని ఆగిపోయినది. "మాష్టారూ, ముల్లు అబద్ధమాడుతుందా?" అని వారిలో వృద్ధుడు అడిగినాడు. "అబద్ధమాడదు చాచా, కాని మీరడిగిన ప్రశ్నకు కాక తనకు తోచిన ప్రశ్నకు జవాబు చెబుతుంది" అన్నాను. ఆ మాటకు ఆయన తృప్తి పడలేదు. పడకపోవటమే న్యాయం.

తెలుగు పాఠం చెప్పుకొనే వాడికి దిక్సూచి గొడవ ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చును. ఎం.ఏ. చదివే రోజులలో మెకంజీ కైఫీయతుల మీద నాకు ఆసక్తి కలిగినది. గుంటూరు మండలంలోని గ్రామాల చరిత్రలను కరణాల నోట విని, వ్రాయించి, భద్రపరచిన ఆ కాలిన్ మెకంజీ చరిత్రకారుడు కాడు, వృత్తిరీత్యా సర్వేయరు. 1754లో స్కాట్లండు దేశపు ద్వీపంలో జన్మించి, 1783లో మద్రాసుకు వచ్చి, ఇంజనీరుగా నెల్లూరు, గుంటూరు సీమలలో తిరిగినాడు. 1792 నుండి నిజాం రాజ్యంలో దక్కను సర్వే, 1799 తర్వాత మైసూరు సర్వే నడిపి, 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయి, 1821లో మరణించినాడు. శ్రీశైల దేవాలయాన్ని 1794లోను, అమరావతి స్తూపాన్ని 1797లోను చూచినాడు. ఏలూరు వాడయిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య మెకంజీకి కన్నులు, చెవులు. ఈ మనుష్యులు అడవులలో, కొండలలో దారి పట్టుకొని నడుస్తూ పటం ఎట్లా గీసినారన్న కుతూహలమే నన్ను దిక్సూచి దగ్గరకు తీసికొని వచ్చినది.

మొదట అసలు విషయం తేటపరచుకొందాము. భూమి ఒక ఇరుసు మీద తిరుగుతున్నది. ఆ ఇరుసు ఉత్తరపు కొన వైపు ఉన్నదే అసలు ఉత్తరం. దిక్సూచిలోని ముల్లుకు ఈ ఇరుసుతో సంబంధం లేదు. భూమి ఉపరితలం నుండి సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే ద్రవరూపపు ఇనుము నిరంతరం కదలుతూ ఒక అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తున్నది. ముల్లు ఆ క్షేత్రపు దిశలో నిలుస్తుంది. ఇరుసు ఉత్తరానికీ ముల్లు ఉత్తరానికీ నడుమ ఏర్పడే కోణమే దిక్పాతం. ముల్లు అసలు ఉత్తరానికి కుడి ప్రక్కకు వాలితే తూర్పు దిక్పాతం, ఎడమకు వాలితే పశ్చిమ దిక్పాతం. సర్వేయరులు దీనినే 'వేరియేషన్' అన్నారు. ఉర్దూలో దిక్సూచిని కుతుబ్‌నుమా అంటాము, అనగా కుతుబ్ తారను, ధ్రువ నక్షత్రాన్ని, చూపునది అని అర్థం. పేరు అందమైనదే గాని అది ఆ నక్షత్రాన్ని సరిగ్గా చూపదు. ఎంత తప్పి చూపుతున్నదో తెలిసికొనటానికి మళ్ళీ ఆ నక్షత్రాన్నే ఆశ్రయింపవలసి వస్తుంది.

ఈ తేడాను మనుష్యులు ఆలస్యంగా గుర్తించలేదు. చీనా పండితుడు షెన్ కువో 1088 ప్రాంతాన వ్రాసిన గ్రంథంలో ముల్లు ఖచ్చితంగా దక్షిణాన్ని చూపక కొంచెం తూర్పుకు వాలుతుందని చెప్పినాడు. 1492లో అట్లాంటిక్ దాటుతూ కొలంబస్ ముల్లు ధ్రువ నక్షత్రం నుండి తొలగటం చూచి కలవరపడినాడు. 1580లో లండన్ దగ్గర విలియం బరో కొలువగా దిక్పాతం తూర్పుకు సుమారు పదకొండుంబావు డిగ్రీలు వచ్చినది. 1634లో హెన్రీ గెలిబ్రాండ్ అక్కడనే కొలిస్తే సుమారు 4 డిగ్రీలే వచ్చినది. అంటే, తేడా చోటును బట్టి మారటమే గాక, ఒకే చోట కాలాన్ని బట్టి కూడా మారుతున్నది. ఇది సర్వేయరుల పాలిటికి పిడుగు వంటి వార్త. తాత కొలిచి పెట్టిన అంకె మనుమడికి పనికి రాదన్నమాట.

ఒక డిగ్రీ తప్పితే కొంప మునుగుతుందా అని ఎవరైనా అడుగవచ్చును. మన చిలకలూరిపేట నుండి మాచర్లకు గీత గీసినట్లు పోతే సుమారు 90 కిలోమీటర్లు. దిశలో ఒక డిగ్రీ తప్పు జరిగితే చివరకు మాచర్ల పటంలో ఒకటిన్నర కిలోమీటర్ల ప్రక్కకు జరుగుతుంది. 8 డిగ్రీల తప్పయితే 12 కిలోమీటర్లకు పైగా. 8 డిగ్రీలు అన్నది నేను ఊరకే అన్న అంకె కాదు. ఎడ్మండ్ హాలీ 1683లో సేకరించి ప్రకటించిన లెక్కలలో, 1680 నాటికి మద్రాసు కోట దగ్గర దిక్పాతం పడమరకు 8 డిగ్రీలకు పైగా ఉన్నది. మన సీమ మద్రాసుకు ఎంతో దూరం కాదు. ఆ రోజులలో ఎవరైనా ముల్లును నమ్మి పల్నాటి పటం గీసి ఉంటే నాగులేరు దారి తప్పి ఎక్కడో ప్రవహించి ఉండేది.

పద్దెనిమిదవ శతాబ్దపు చివరి భాగంలో మన ప్రాంతపు పటాలు ఎక్కువగా 'మార్గ సర్వే' పద్ధతిలో తయారయినవి. సర్వేయరు వెంట ఒక మనిషి పెరాంబులేటర్ అనే పెద్ద చక్రాన్ని త్రోసుకొంటూ పోతాడు. చక్రం ఎన్ని చుట్లు తిరిగినదో దానికి అమర్చిన ముళ్ళ పెట్టె లెక్కిస్తుంది. అది దూరం. దారి వంక తిరిగిన ప్రతి చోటా దిక్సూచితో కొత్త దిశ చూచి పుస్తకంలో వ్రాసికొంటారు. ఇరుప్రక్కలా కనిపించే కొండకొమ్ము, కోట బురుజు, గోపురం ఏ దిశలో ఉన్నవో కూడా గుర్తిస్తారు. సాయంత్రం గుడారంలో కూర్చుండి గీతలు గీస్తారు. దూరంలో జరిగే తప్పులు చాలవరకు ఒకదానినొకటి చెరుపుకొంటవి. వాగు దగ్గర చక్రం జారినా, రాళ్ళ మీద ఎగిరినా కొంత హెచ్చు, కొంత తగ్గు. దిక్పాతం అట్లా కాదు. అది ప్రతి గీతనూ ఒకే వైపుకు తిప్పుతుంది. అందుచేత పటం లోపలి పోలికలు అన్నీ చక్కగానే ఉంటవి, పటం మొత్తమే వంకరగా కూర్చుంటుంది. ఇటువంటి తప్పు గుర్తించటం కష్టం. ఒక సర్వేయరు పటం అంచును మరొక సర్వేయరు పటం అంచుతో కలిపినప్పుడే అది బయట పడుతుంది.

కాబట్టి ప్రయాణంలో అప్పుడప్పుడు ఆగి, ముల్లును ఆకాశంతో సరిచూచుకొనటం తప్పనిసరి అయినది. ఆకాశం ఎన్నడూ మారని సాక్షి. దానిని విచారించటానికి వారు అవలంబించిన మార్గాలలో కొన్ని వివరిస్తాను. అవి కష్టమైనవి కావు. మన బి.ఎస్సీ. విద్యార్థులు నాకంటె బాగుగా చేయగలరు.

నావికులకు బాగా అలవాటయిన పద్ధతి సూర్యోదయాన్ని గాని సూర్యాస్తమయాన్ని గాని చూడటం. విషువ దినాలలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. తక్కిన రోజులలో ఉత్తరానికో దక్షిణానికో జరుగుతాడు. ఎంత జరుగుతాడో లెక్క కట్టటానికి రెండే అంకెలు కావాలి. ఒకటి ఆనాటి సూర్యుని క్రాంతి, ఇది పంచాంగంలో దొరుకుతుంది. రెండవది ఆ చోటి అక్షాంశం. క్రాంతి యొక్క సైన్‌ను అక్షాంశం యొక్క కొసైన్‌తో భాగిస్తే జరుగుబాటు యొక్క సైన్ వస్తుంది. మన పట్టణపు అక్షాంశం ఉత్తరం 16 డిగ్రీల 5 నిమిషాలు. డిసెంబరు 21న క్రాంతి దక్షిణంగా 23 డిగ్రీల 27 నిమిషాలు. లెక్క కడితే ఆనాడు మన ఊరిలో సూర్యుడు తూర్పు నుండి దక్షిణంగా 24 డిగ్రీల 28 నిమిషాల దూరాన ఉదయించవలెను. దిక్సూచితో చూచి, వచ్చిన అంకెను దీనితో పోల్చుకొంటే మిగిలినదే దిక్పాతం. సముద్రం మీద ఇది దివ్యమైన పద్ధతి, ఎందుకంటే అక్కడ క్షితిజం గీత గీసినట్లు ఉంటుంది. నేల మీద ఆ సౌఖ్యం ఎక్కడిది? కోటప్పకొండ అడ్డం వస్తుంది, లేకపోతే తాటితోపు అడ్డం వస్తుంది. కొండ మీది నుండి సూర్యుడు తొంగి చూచే సరికే అతడు పైకి ఎక్కి దక్షిణానికి జరిగి ఉంటాడు. పైగా గాలి పొరలు కాంతిని వంచటం వల్ల, నిజంగా క్షితిజాన్ని దాటక ముందే సూర్యబింబం కనిపిస్తుంది. ఈ కారణాలచేత భూమార్గాన పోయేవారు ఈ పద్ధతిని ఎక్కువగా నమ్ముకొనలేదు.

వారు చేసినది ఏమంటే, సూర్యుడు కొంత పైకి వచ్చిన తర్వాత ఒకే క్షణంలో రెండు కొలతలు తీసికొనటం. ఒకరు దిక్సూచితో సూర్యుని దిశ చూస్తారు, మరొకరు సెక్స్టాంట్‌తో అతని ఎత్తు చూస్తారు. క్షితిజం కనిపించదు గనుక ఒక పళ్ళెంలో పాదరసం పోసి, ఆకాశంలోని సూర్యునికీ పాదరసంలోని ప్రతిబింబానికీ నడుమ కోణాన్ని కొలుస్తారు. వచ్చిన దానిలో సగమే అసలు ఎత్తు. గాలి వీస్తే పాదరసం వణకుతుంది గనుక దాని మీద గాజు మూత బోర్లిస్తారు. ఎత్తు, క్రాంతి, అక్షాంశం ఈ మూడూ తెలిస్తే గోళీయ త్రికోణమితి సహాయంతో సూర్యుని నిజమైన దిశ తేలుతుంది. ఉదాహరణకు విషువ దినాన ఉదయం మన ఊరిలో సూర్యుని ఎత్తు 30 డిగ్రీలు ఉన్నప్పుడు అతని నిజమైన దిశ ఉత్తరం నుండి 99 డిగ్రీల 35 నిమిషాలు. అదే క్షణాన దిక్సూచి 100 డిగ్రీల 35 నిమిషాలు చూపితే ముల్లు ఒక డిగ్రీ పడమరకు వాలి ఉన్నదని తెలిసికొనవలెను. ఉత్తర అమెరికా ఖండాన్ని 1804 నుండి 1806 వరకు నడిచి దాటిన లూయిస్, క్లార్క్ కూడా ఈ విధంగానే సూర్యుని దిశనూ ధ్రువ నక్షత్రపు దిశనూ ఆధారంగా చేసికొని దిక్పాతాన్ని లెక్కించుకొనటానికి కొలతలు తీసినారు.

ఇక్కడ మన ఉష్ణ ప్రదేశానికి ప్రత్యేకమైన ఒక తంటా ఉన్నది. పాదరసం పద్ధతిలో ఎత్తు రెట్టింపయి కనిపిస్తుంది. సెక్స్టాంట్ సుమారు 120 డిగ్రీలకు మించి కొలువలేదు. కనుక సూర్యుడు 60 డిగ్రీల కంటె పైకి పోతే యంత్రానికి అందడు. మన అక్షాంశంలో ఫిబ్రవరి రెండవ వారం నుండి అక్టోబరు చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు ఈ హద్దు దాటే ఉంటాడు. ఐరోపాలో హాయిగా మధ్యాహ్నం కొలిచి అక్షాంశం తెలిసికొనే దొరలు ఇక్కడ రాత్రులు మేలుకొని నక్షత్రాలను చూడవలసి వచ్చినది. పగలంతా ఎండలో నడచి, రాత్రి దోమలలో నక్షత్రాలను కొలవటం! కృష్ణా గోదావరుల నడిమి అడవులలో సర్వే చేయ వెళ్ళిన జార్జి ఎవరెస్టు జట్టు 1820కి ముందు ఒక వర్షకాలంలో జ్వరాలతో కుప్పకూలినది. ఎవరెస్టునూ, సిబ్బందినీ హైదరాబాదుకు మోసుకొని రావలసి వచ్చినది. పటాల మీద ఆ జ్వరాలు కనిపించవు.

ధ్రువ నక్షత్రం సంగతికి వస్తాను. అది సరిగ్గా ఆకాశ ధ్రువం మీద లేదు. దాని చుట్టూ చిన్న వలయంలో తిరుగుతున్నది. 1800 ప్రాంతాన ఈ నక్షత్రం ధ్రువానికి సుమారు ఒకటిముప్పాతిక డిగ్రీల దూరాన ఉండేది. ఇప్పుడు ఆ దూరం మూడింట రెండు వంతుల డిగ్రీ కంటె తక్కువ. తిరిగే నక్షత్రాన్ని పట్టుకొని నిలకడ గల ఉత్తరాన్ని ఎట్లా తెలిసికొనటం? అది వలయంలో తూర్పు అంచుకో పడమటి అంచుకో చేరినప్పుడు కొన్ని నిమిషాల పాటు ప్రక్కకు కదలక, నిలువుగా మాత్రమే కదలుతున్నట్లు కనిపిస్తుంది. సర్వేయరు ఆ సమయం కోసం కాచుకొని ఉంటాడు. ఆ అంచు అసలు ఉత్తరం నుండి ఎంత దూరమో లెక్క కట్టవచ్చును. 1800లో మన అక్షాంశంలో అది సుమారు 1 డిగ్రీ 50 నిమిషాలు. నక్షత్రం అంచుకు చేరగానే థియోడలైట్ గొట్టాన్ని దాని మీద నిలిపి, తర్వాత దానిని క్రిందికి దించి, దూరంగా ఒక మనిషి పట్టుకొన్న లాంతరును ఆ గీతలోనికి జరిపించి, అక్కడ ఒక మేకు కొట్టిస్తారు. తెల్లవారిన తర్వాత అదే చోట దిక్సూచి పెట్టి ఆ మేకు దిశ చూస్తే చాలును. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ప్రారంభించి, 1811లో గుత్తి వద్దనూ, 1815లో బీదరు సమీపాన దామరగిద్ద వద్దనూ ఆధార రేఖలు కొలిచి నడిపిన మహా త్రికోణమితి సర్వేలో ధ్రువ నక్షత్రమే దిశకు ప్రమాణం. అర టన్ను బరువైన ఆయన థియోడలైట్ ముందు దిక్సూచి ఆటవస్తువు వంటిది. కాని ఏనుగులూ, థియోడలైట్లూ ఉన్నవారు అరుదు. తక్కిన వారందరికీ దిక్సూచే దిక్కు.

ఆ తక్కిన వారిలో చాలమంది బాలురు అని చెబితే విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. మచిలీపట్నం నుండి కలకత్తా వరకు భూమార్గాన కొలుచుకొంటూ పోయిన మైకేల్ టాపింగ్ 1794లో మద్రాసులో ఒక సర్వే పాఠశాల స్థాపించినాడు. అనాథాశ్రమం నుండి తెచ్చిన పిల్లలకు లెక్కలు, పటం గీయటం, నక్షత్రాలు చూడటం అక్కడ నేర్పినారు. మీలో ఇంటర్మీడియట్ చదివేవారి కంటె చిన్న వయస్సులోనే వారు సర్వే జట్ల వెంట అడవులకు పోయినారు. కృష్ణా గోదావరుల నీటిని పొలాలకు మళ్ళించటం సాధ్యమేనా అని పరిశీలించిన టాపింగ్ 1796లో మచిలీపట్నంలోనే మరణించినాడు. మెకంజీ మైసూరు సర్వేలో పని చేసిన సహాయకులలో ఈ పాఠశాల పిల్లలున్నారు.

హిమాలయాల కావల మరొక విధమైన సర్వే జరిగినది. అక్కడికి తెల్లవారు పోతే ప్రాణాలు దక్కవు గనుక మన దేశస్థులను వేషాలు మార్చి పంపినారు. 1863లో మాంట్‌గొమరీ శిక్షణ ఇచ్చి లేహ్ నుండి యార్కండుకు పంపిన మున్షీ అబ్దుల్ హమీద్ వారిలో మొదటివాడు. అతడు శీతకాలమంతా అక్కడ ఉండి రహస్యంగా కొలతలు తీసి, తిరుగు ప్రయాణంలో లడఖ్ చేరువకు వచ్చి మరణించినాడు. అతని కాగితాలు మాత్రం దొరికినవి. వాటి నుండి యార్కండు స్థానం పటానికి ఎక్కినది. తర్వాత వచ్చిన నైన్ సింగ్ పేరు పుస్తకాలలో ఉన్నది. అబ్దుల్ హమీద్ పేరు మన విద్యార్థులకు తెలియకపోవటం నాకు కష్టం కలిగిస్తుంది.

యంత్రాలు ఏమీ లేని వారు ఏమి చేసేవారు? ఇక్కడ మనం గర్వించదగిన ఒక పద్ధతి ఉన్నది. సమతలమైన నేల మీద ఒక వృత్తం గీచి దాని మధ్య ఒక శంకువును నిలువుగా నాటుతారు. ఉదయం శంకువు నీడ పొడవుగా ఉండి వృత్తం బయట పడుతుంది. పొద్దెక్కిన కొలది కురచనై, ఒక క్షణంలో నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వస్తుంది. అక్కడ ఒక గుర్తు పెట్టవలెను. మధ్యాహ్నం తర్వాత నీడ మళ్ళీ పెరిగి వృత్తాన్ని తాకి బయటకు పోతుంది. అక్కడ మరొక గుర్తు. రెండు గుర్తులను కలిపిన గీత తూర్పు పడమరలు. దానికి లంబంగా శంకువు మొదలుకు గీచిన గీత ఉత్తర దక్షిణాలు. సూర్యుడు రెండు పూటలా ఒకే ఎత్తున ఉన్నప్పుడు మధ్యాహ్న రేఖకు రెండు ప్రక్కలా సమాన దూరాన ఉంటాడన్నదే ఇందులోని రహస్యం. సూర్య సిద్ధాంతంలో ఈ విధానం చెప్పబడినది. అరబ్బీ ఖగోళ గ్రంథాలు దీనిని స్వీకరించి 'అద్దాయిరతుల్ హిందియ్య', అనగా భారతీయ వృత్తం, అన్న పేరుతోనే వ్యవహరించినవి. నీడలను గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాసిన అల్‌బీరూనీ దీనిని వివరించినాడు. తీసికొన్న విద్యకు ఇచ్చిన వారి పేరు పెట్టటం ఆ పండితుల మర్యాద. రెండు గుర్తుల మధ్య గడచిన గంటలలో సూర్యుని క్రాంతి కొంచెం మారుతుంది గనుక అతి సూక్ష్మమైన పనికి చిన్న సవరణ కావాలి. విషువ దినాల దగ్గర ఈ మార్పు గంటకు ఒక నిమిషం కోణం మాత్రమే. అయనాంతాల దగ్గర దాదాపు శూన్యం.

పందొమ్మిదవ శతాబ్దంలో దిక్పాతం సర్వేయరుల ఇంటి గొడవగా ఉండక ఒక శాస్త్రమైనది. మద్రాసు వేధశాల ఖగోళజ్ఞుడు టి.జి. టేలర్, తిరువాన్కూరు ఖగోళజ్ఞుడు జాన్ కాల్డికాట్ 1837లో దక్షిణ భారతంలో సంచరించి భూ అయస్కాంతపు దిశనూ బలాన్నీ కొలిచినారు. 1854 నుండి 1857 వరకు జర్మనీ సోదరులు ముగ్గురు, ష్లాగింట్‌వైట్‌లు, దేశమంతా ఇదే పని మీద తిరిగినారు. బొంబాయి కొలాబా వేధశాల పనికి, ఆ నగరంలో విద్యుత్ ట్రాములు రాబోతున్నందున అంతరాయం కలుగుతుందని 1904లో అలీబాగ్‌లో కొత్త కేంద్రం నెలకొల్పినారు. వీథిలో నడిచే ట్రాము ముల్లును కదిలిస్తుందంటే ఆ కొలతలు ఎంత నాజూకైనవో ఊహించుకొనవచ్చును. మన హైదరాబాదులో భూభౌతిక పరిశోధనా సంస్థ వారి అయస్కాంత వేధశాల 1964 నుండి ఉన్నది.

ఇన్ని సంవత్సరాల కొలతలు చేర్చి చూస్తే మన ప్రాంతపు ముల్లు కథ తెలుస్తుంది. 1680లో పడమరకు 8 డిగ్రీల చేరువలో ఉన్న వంపు క్రమంగా తగ్గి, పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగానికి స్వల్పంగా తూర్పుకు మారి, మళ్ళీ వెనుకకు మరలి, నేడు పడమరకు ఒక డిగ్రీకి అటూ ఇటూగా ఉన్నది. లండన్‌లో 1580 తర్వాత అది తూర్పు 11 నుండి పడమర 24 డిగ్రీలకు పైగా ఊగినది. మనం అదృష్టవంతులమే. మన ఎన్.సి.సి. విద్యార్థులు సర్వే ఆఫ్ ఇండియా పటం చదివేటప్పుడు దాని అంచున దిక్పాతం ఎంతో, ఏ సంవత్సరం నాటిదో వ్రాసి ఉంటుంది. సంవత్సరం చూడకుండా అంకెను మాత్రమే తీసికొనటం వారిలో నేను గమనించిన లోపం. చేతి ఫోనులోని దిక్సూచికి ఈ బాధ లేదు. అయిదేళ్ళకొకసారి సవరించే ప్రపంచ అయస్కాంత నమూనాను అనుసరించి అది తానే దిద్దుకోగలదు. కాని అందులోని చిన్న ఇంద్రియం కూడా అయస్కాంతాన్నే గ్రహిస్తుంది గనుక ఇనుము దగ్గర అదీ మోసపోతుంది.

ఇనుము అన్నాను. పల్లె కథకు తాళం అక్కడనే ఉన్నది. దిక్పాతం ఒక డిగ్రీ అయితే 11 డిగ్రీల తేడా ఎట్లా వచ్చినది? సర్వేయరులు దీనిని 'స్థానిక ఆకర్షణ' అంటారు. ఒంగోలు సమీపాన కొణిజేడు కొండలలో వలె నేలలోనే అయస్కాంత ఖనిజం ఉండవచ్చును, లేదా సర్వేయరు గొలుసే ముల్లును లాగవచ్చును. వారు దీనిని పట్టుకొనే ఉపాయం సులభమైనది. ఒక చోటి నుండి రెండవ చోటి దిశ చూచి, రెండవ చోటికి పోయి వెనుకకు మొదటి చోటి దిశ చూస్తారు. రెండింటికీ తేడా సరిగ్గా 180 డిగ్రీలు ఉండవలెను. లేకపోతే రెండింటిలో ఒక చోట ముల్లును ఏదో పట్టి లాగుతున్నదన్నమాట. దిక్పాతం ఈ పరీక్షలో బయట పడదు, ఎందుకంటే అది రెండు చోట్లా సమానంగానే ఉంటుంది.

ఒక ఆదివారం మా భౌతికశాస్త్రోపన్యాసకులను, అయిదుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ పల్లెకు పోయినాను. మసీదు ఆవరణలో కాంక్రీటు కప్పుకు తెచ్చిన ఇనుప కడ్డీలు గోడవారగా గుట్ట పోసి ఉన్నవి. వారు ఖిబ్లానుమా పెట్టి చూచిన అరుగు ఆ గుట్టకు రెండడుగుల దూరాన ఉన్నది. నేను ఏమీ అనలేదు. విద్యార్థులు ముందు వెనుక దిశలు చూచినారు. 180 రాలేదు. ఆవరణ మధ్య నేలను నీటితో సమం చేయించి, వృత్తం గీయించి, దూలం ముక్క నుండి చెక్కించిన శంకువును నాటించినాము. ఉదయం గుర్తు పెట్టి, పెద్దలు పెట్టిన భోజనం చేసి, మధ్యాహ్నం గుర్తు కోసం వేచి ఉన్నాము. ఊరి పిల్లలందరూ నీడ చుట్టూ చేరినారు.

మన ప్రాంతం నుండి మక్కా దిశ నేరు పడమర కాదు. భూమి గోళం గనుక అతి దగ్గరి దారిని లెక్క కడితే పడమర నుండి ఉత్తరానికి 14 డిగ్రీలకు పైగా, అంటే ఉత్తరం నుండి కుడిగా లెక్కిస్తే సుమారు 284 డిగ్రీలు వస్తుంది. శంకువు గీచిన పడమర గీత నుండి ఆ కోణాన్ని త్రాటితో పరచి, పాత గోడతో పోల్చి చూచినాము. రెండు డిగ్రీల లోపు తేడా. ఆ గోడ కట్టిన వారికి ఖిబ్లానుమా లేదు. వారు ఏ నీడను చూచి, ఏ నక్షత్రాన్ని చూచి గీత గీసినారో ఊరిలో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఖిబ్లానుమాను కడ్డీలకు నలభై అడుగుల దూరం తీసికొని పోయి పెడితే, అది శంకువు గీతకు సుమారు ఒక డిగ్రీ తేడాతో నిలిచినది.

చాచా ముల్లును చాలసేపు చూచి, దానిని మళ్ళీ కడ్డీల దగ్గరకు తానే తీసికొని పోయినాడు. ముల్లు కదిలినది. వెనుకకు తెచ్చినాడు. మళ్ళీ కదిలినది. మూడుసార్లు అట్లా చేసి, పునాది గీతలు గీయటానికి సున్నం తెమ్మని పిల్లలను కేక వేసినాడు.